ఆరో మేకు

చిన్నప్పటి నుంచీ ఒక్క కాగితం ముక్కనూ పారేయనివ్వదు కాబట్టి ఇంట్లో ఆ పిల్లకు చిట్టెలుక అని పేరు పడింది. ఆర్ట్ కాలేజీలో ఆఖరి సంవత్సరానికొచ్చినా ఆ పేరూ పోలేదు, ఆ బుద్ధీ పోలేదు.

ఆ బుద్ధే కొంప ముంచింది. రెండేళ్ళ క్రితం గొంతు ఆపరేషనై అక్కకు మాట పోయింది. అప్పటి నుంచీ అక్క ఏం చెప్పినా చీటీ మీదే. ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నారు: చీటీ ఎవరి చేతికిస్తే వాళ్ళు చదివి అక్కడే చింపెయ్యాలి. 'మీరన్న మాటలు గాల్లో పోతున్నాయిగా, నావీ పోవాలి' అని అక్కే రాసింది. అమ్మ బుద్ధిగా చింపేది. చిట్టెలుక మాత్రం ఏదో పాత బిల్లు అక్క ముందు పరపరా చింపేసి, అసలు చీటీ జేబులో దాచేది. దొంగ పిల్ల!

కాలేజీ ప్రదర్శనకు ఆ చీటీలే పనికొచ్చాయి. ఆరు ఏరుకుని, అక్క చేతిరాతను తిరగేసి లినోలియం పలకల మీదికెక్కించి, సన్న ఉలితో చెక్కి, నల్ల సిరా పూసి, తలుపంత కాగితాల మీద అచ్చు వేసింది. రెండు నెలలు నడుము విరిగింది. 'ఫ్యాన్ తగ్గించు' ఒకటి, 'నా దువ్వెన ఎవరు తీశారు?' ఒకటి, అలా ఐదు. ఆరోది రెండో ఆపరేషన్ రోజు పొద్దున అక్క రాసి తన చేతికిచ్చింది: 'నాకు భయంగా ఉంది. అమ్మకు చెప్పకు.'

అక్కను అడగలేదు. అడగడమెందుకు, చూసి మురిసిపోతుందిలే అనుకుంది. ఏం ధీమా!

ప్రదర్శనకు ముందురోజు మధ్యాహ్నం అక్క సాయానికి వచ్చింది. మనిషి పొడగరి, పైకొస పట్టుకోవడానికి బాగా పనికొస్తుంది. ఆరు మేకులు కొట్టారు. దువ్వెన కాగితం చూసి అక్క భుజాలు కదిలిపోయేలా నవ్వింది. ఐదు వేలాడదీశారు. ఆరోది విప్పగానే అక్క కొస వదిలేసింది. చీటీ తీసి గబగబా రాసింది.

'దీన్నెందుకు చింపలేదు?'

"ఇది అన్నిటికన్నా బాగా వచ్చిందక్కా. చూసినవాళ్ళకి కళ్ళనీళ్ళొస్తాయి."

అక్క పెన్సిల్ మొన విరిగేలా నొక్కి రాసింది. 'నీ ఒక్కదానితో అన్నాను. రేపు అమ్మ వస్తుంది.'

చిట్టెలుకకు అమ్మ వస్తుందని తెలుసు, అమ్మకు మంచి చీర కూడా తనే తీసి పెట్టింది. ఆ పలక చెక్కిన మూడు రోజులూ అక్షరాల ఒంపులు చూసిందే తప్ప అవి ఏమంటున్నాయో చూడలేదు. చెక్కింది గానీ చదవలేదు. తన మీద తనకే అసహ్యమేసింది.

అంతలో మాస్టారు వచ్చారు. "ఆరోది ఎక్కడమ్మా?"

"పెట్టట్లేదు సార్."

"నీ పనికి ప్రాణమే అది! ఐదుకైతే మార్కులు తగ్గుతాయి, ముందే చెప్తున్నా. అయినా అచ్చు వేసేదే నలుగురూ చదవాలని కదా?"

"అందుకే సార్ పెట్టట్లేదు."

అచ్చులు ఇక చాలనుకున్నాక పలకకు అడ్డంగా గాటు పెట్టడం ఆ పనిలో ఆనవాయితీ, మళ్ళీ ఎవరూ అచ్చు తీయకుండా. చిట్టెలుక అక్కను వర్క్‌షాప్‌కు తీసుకెళ్ళి, ఆరో పలకకు ఈ మూల నుంచి ఆ మూలకు ఉలితో గీసేసింది. ప్రాణం ఉసూరుమంది. కాగితాన్నీ, పర్సులో దాచిన చీటీనీ చింపేసింది. ఈసారి నిజంగానే.  ఇంటికి వెళ్ళే బస్సులో అక్క కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

మర్నాడు నాలుగింటికి అమ్మ వచ్చింది. ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివింది.

"అయ్యో, ఆ దువ్వెన నేనే తీశానే! ఇంత పెద్దగా రాసి పరువు తీస్తావా?" అని నవ్వింది. తర్వాత ఆరో మేకు దగ్గర ఆగింది. "ఇది ఖాళీగా ఉందేమే?"

చిట్టెలుక చప్పున అందుకుంది. "ఒకటి ఎక్కువ కొట్టానమ్మా."

అక్క చెల్లెలి వైపు ఒకసారి చూసింది. సంచీలోంచి చీటీల పుస్తకం తీసి, గోడకు ఆనించి, చాలాసేపు రాసింది. కాగితం చింపి అమ్మ చేతిలో పెట్టింది.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మళ్ళీ చదివింది. "పిచ్చి తల్లీ, నాకు చెప్పకపోతే ఎవరికి చెప్తావే?" అని అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాసేపటికి ఆ చెయ్యి వదిలి, పద్ధతి ప్రకారం చీటీని రెండుగా, నాలుగుగా చింపింది. ఒక ముక్క జారి కింద పడింది.

చిట్టెలుక వంగి దాన్ని తీసింది. రాత ఉన్న వైపు తిప్పి చూడకుండా అమ్మ చేతికిచ్చింది.