మూడుసార్లు చదివిన అంకె

సూది గది తలుపు మీద అంటించిన కాగితంలో, లోపలికి వెళ్లే ముందు చేయవలసిన పనులు ఇలా ఉండేవి:

తాళంచెవులు, చిల్లర, ఫోను బయటి బల్ల మీద పెట్టాలి.
బెల్టు, చేతి గడియారం తీసేయాలి.
చెప్పుల్లో మేకులుంటే చెప్పులు వదలాలి.
జడపిన్నులు, పిన్నీసులు, హుక్కులు చూసుకోవాలి.
లోపల మెల్లగా నడవాలి. అంకె చదవాలి. టైము వేయాలి. సంతకం పెట్టాలి.

ఒక్క ఇనుప మేకైనా లేని చెక్క గది అది. లోపల సన్నటి దారానికి సూదిలాంటి అయస్కాంతం ఒకటి వేలాడుతుంది. భూమి అయస్కాంత బలం కాస్త మారినా అది కాస్త తిరుగుతుంది. ఎంత తిరిగిందో చిన్న దుర్బిణిలోంచి చూసి, స్కేలు మీది అంకె పుస్తకంలో రాయాలి. రోజూ మధ్యాహ్నం మూడింటికి ఆ పని చేయడానికి కొత్తగా వచ్చిన అమ్మాయిని ఆఫీసులో అందరూ డిగ్రీ పిల్ల అనేవారు. వాళ్లింట్లో కాలేజీ గుమ్మం ఎక్కిన మొదటి మనిషి తనే. అందుకే ఆ పేరు వెక్కిరింతైనా ఆమెకు తియ్యగానే ఉండేది.

చేరిన రెండో నెలలో పెద్ద సారు ఆమె ముందు పాత పుస్తకం ఒకటి పెట్టారు.

"నీకు ముందు పనిచేసిన మాస్టారిది. రిటైరయ్యే ముందు ఐదు నెలల అంకెలు కొట్టేయాలి. శుక్రవారానికి రిపోర్టు రాసివ్వు."

"ఎందుకు సార్?"

"కాలు విరిగి తొడలో స్టీలు రాడ్ వేయించుకున్నాడు. ఆసుపత్రి కాగితం ఫైల్లోనే ఉంది. ఆ కాలితో సూది దగ్గరికెళ్తే అంకె నిలుస్తుందా? వెళ్లకుండా రాశాడంటే దొంగ రాతలు. ఏదైనా చెత్తబుట్టే."

ఆ నెలల్లో సూది కదలికను తనంతట తాను గీసే యంత్రం రిపేరులో ఉంది. ఈ పుస్తకం పోతే ముప్ఫై ఒక్క ఏళ్ల వరుస అక్కడ తెగిపోతుంది. మాస్టారి పేరు పక్కన దొంగ అన్న మాట ఉండిపోతుంది.

డిగ్రీ పిల్ల పుస్తకం పట్టుకుని రెండు రోజులు కూర్చుంది. అదే అక్షాంశం మీదున్న ఇంకో కేంద్రం లెక్కలు తెప్పించి పక్కపక్కన పెట్టింది. రెండూ కవలపిల్లల్లా కలిసి నడిచాయి. ఒక్క పేజీ దగ్గర మాత్రం ఆమె వేలు ఆగింది. రోజుకొక అంకె ఉండాల్సిన చోట అరగంటలో మూడు అంకెలున్నాయి. ఒకదానికంటే ఒకటి తక్కువ. ఇంకో కేంద్రంలోనూ సరిగ్గా అదే అరగంటలో అంకె అంతే పడిపోయింది. ఊహించి రాసిన అంకెలు కావవి. మరి చదివిందెవరు?

మర్నాడు పొద్దున్నే మాస్టారింటికి వెళ్లింది. ఆయన చేతికర్ర ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చున్నారు.

"మాస్టారూ, ఒక మాట అడుగుతాను. కోప్పడకండి."

"కోప్పడొద్దని మొదలెట్టావంటే అది కోపమొచ్చే మాటే. అడుగమ్మా."

"కాల్లో రాడ్ పడ్డాక ఆ గదిలోకి వెళ్లారా?"

వంటింట్లో గరిట చప్పుడు ఆగింది.

"ఆయన వెళ్లలేదమ్మా. నేనెళ్లాను," అంటూ ఆయన భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నువ్వాగవే!"

"ఇన్నాళ్లూ ఆగాగా. ఇంకెంత కాలం?" అని ఆమె డిగ్రీ పిల్ల పక్కనే కూలబడింది. "ఇంకొకళ్లని పంపమని ఈయన రెండు ఉత్తరాలు రాశారు. ఎవరూ రాలేదు. ఒక్క రోజు తప్పినా వరుస పోతుందని అన్నం మానేసి కూర్చుంటే ఏం చేయను? నేర్పండి, నేను చూస్తానన్నా. ఈయన అరవై అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని అరవడం, నేను లోపల్నుంచి అంకె అరవడం. మా అరుపులకి చెట్టు మీద పిట్ట మిగిలితే ఒట్టు."

"నా సంతకం తప్పే అమ్మాయ్," అన్నారు మాస్టారు, తల వంచుకుని. "అంకె మాత్రం తప్పు కాదు."

డిగ్రీ పిల్ల ఆ పేజీ తెరిచింది. "మరి ఈ రోజు మూడుసార్లు ఎందుకు చదివారు పెద్దమ్మా?"

"అదా... అంకె ఒక్కసారిగా పడిపోయిందమ్మా. నా ఒంటి మీదే ఇనుము ఉండిపోయిందనుకున్నా. బయటికొచ్చి పిన్నులన్నీ పీకేసి, జడ విప్పుకుని వెళ్లా. ఇంకా తగ్గింది. ఈయనేమో 'కళ్లజోడు, కళ్లజోడు' అని ఒకటే గోల. అది తీస్తే నాకేం కనపడి చస్తుంది? ముక్కు దుర్బిణి అద్దానికి ఆనించి చదివా. ఇంకా తగ్గింది. ఈయన ముప్ఫై ఏళ్ల కష్టం నా చేత్తో నాశనం చేశాననుకుని ఆ మెట్ల మీదే ఏడ్చేశాను."

డిగ్రీ పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది.

"మీ పిన్నులది కాదు పెద్దమ్మా తప్పు. ఆ రోజు సూర్యుడి నుంచి గట్టి గాలి వచ్చి భూమికి తగిలింది. భూమి చుట్టూ అయస్కాంత బలం ఉంటుంది కదా, ఆ గాలి దాన్ని చీకటి వైపుకి తోకలా సాగదీస్తుంది. సాగి సాగి ఒకచోట తెగి, మళ్లీ అతుక్కుంటుంది. ఆ ఊపుకి విద్యుత్ కణాలు ధ్రువాల వైపు దూకి, పైన గాలికి కొట్టుకుంటే ఆకాశంలో పచ్చగా, ఎర్రగా తెరలు వేలాడతాయి. ఇంకొన్ని కణాలు భూమి చుట్టూ వడ్డాణంలా తిరుగుతాయి. ఆ వడ్డాణం మన దగ్గర బలాన్ని తగ్గిస్తుంది. మీరు చదివింది ఆ తగ్గుదలే. ఆ రాత్రి ధ్రువాల దగ్గర జనం ఆ వెలుగులు చూశారు. అక్కడ చీకటి పడకముందే దాన్ని ఇక్కడ సూదిలో మీరు చూశారు."

పెద్దమ్మ భర్త వైపు తిరిగింది.

"విన్నారా? కళ్లజోడు కాదట."

"విన్నానులేవే," అన్నారాయన. ముఖం పక్కకు తిప్పుకుని గట్టిగా దగ్గారు.

శుక్రవారం డిగ్రీ పిల్ల పెద్దమ్మను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లి జరిగిందంతా చెప్పింది. పెద్ద సారు ఎగాదిగా చూశారు.

"ఏం చదువుకున్నారమ్మా?"

"ఐదో తరగతండీ. అంకెలన్నీ అప్పటికే చెప్పేశారు."

ఆయనకు నవ్వొచ్చింది, ఆపుకున్నారు. పరీక్ష పెట్టారు. సూది గదిలో పది సార్లు ఆమె, పది సార్లు డిగ్రీ పిల్ల, ఒకరి అంకె ఒకరికి చూపకుండా చదివారు. ఎక్కడా అర గీతకు మించి తేడా రాలేదు. మాస్టారిని ఫోన్లో గట్టిగానే మందలించి, ఆ ఐదు నెలలూ ఉంచమని పెద్ద సారు పుస్తకం మీద రాశారు.

"మరి చదివినవారి పేరు, సార్?"

"అచ్చయ్యే పట్టీలో అధికారి పేరొక్కటే పడుతుందమ్మా. ఇంకొకరికి గడి లేదు."

డిగ్రీ పిల్ల వాదించింది. లాభం లేకపోయింది. ఆ అంకెలు ఇప్పుడు ఎక్కడెక్కడి పరిశోధకులో వాడుకుంటున్నారు. ఏ పట్టీలోనూ పెద్దమ్మ లేదు.

అందుకే ఒక్క మనవి. ధ్రువాల దగ్గర ఆకాశం వెలిగిందని ఎప్పుడైనా మీరు బొమ్మ చూస్తే, తప్పు తనదేమోనని భయపడి కూడా, కనిపించిన అంకెను ఉన్నదున్నట్టు పైకి చెప్పిన ఆ ఇల్లాలిని ఒక్కసారి తలుచుకోండి.