ముందుకు జరిగిన రాత్రి భోజనం

పెళ్ళయిన కొత్తలో ఆమెకు ఇంట్లోని వస్తువులన్నీ జంటగా కనిపించి మురిపించేవి. స్నానాల గదిలో ఒకే గ్లాసులో భుజాలు ఆనించుకుని నిలబడ్డ రెండు బ్రష్షులను చూసి పొద్దున్నే తనలో తాను నవ్వుకునేది. గుమ్మం దగ్గర ఆయన బూట్లు, వాటి మీదికి సగం ఎక్కిన తన చెప్పులు. తాళంచెవి రెండోసారి తిరిగిన చప్పుడు వినిపిస్తే చాలు, చేతిలో గరిటె ఉన్న సంగతి కూడా మరిచిపోయి తలుపు దగ్గరికి పరిగెత్తేది. అంత సంబరంలోనూ ఆమె ఒళ్ళు మండించే విషయం ఒక్కటి మిగిలింది. మొగుడికి నిద్ర పట్టడం లేదు.

పట్టకపోవడమంటే అలాంటిలాంటిది కాదు. మంచం ఎక్కిన దగ్గర్నుంచి ఇటు దొర్లుతాడు, అటు దొర్లుతాడు. దిండు తిరగేస్తాడు. లేచి నీళ్ళు తాగుతాడు. పొద్దున లేచేసరికి కళ్ళు చింతనిప్పులు.

"నిద్ర పట్టిందా?" అని అడుగుతుంది ఆమె.

"ఓ, బ్రహ్మాండంగా" అంటూనే పళ్ళు తోముకునే బ్రష్షుతో టీలో చక్కెర కలపబోతాడు.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. నిద్రలేని గుమాస్తా అయితే సంతకం పక్కకు పోతుంది, అంతే. నిద్రలేని డ్రైవరు సంగతి వేరు. పైగా ఆ నెలాఖరులో చెరువు రూటు నడిపే పెద్దాయన రిటైరవుతున్నాడు. ఆ రూటు ఎవరికివ్వాలన్నది డిపో ఇన్‌ఛార్జి చేతిలో ఉంది.

"నీకే ఇద్దామనుకున్నానయ్యా" అన్నాడట ఇన్‌ఛార్జి. "కానీ మొన్న చివరి స్టాపులో స్టీరింగు మీద తల పెట్టి పడుకున్నావట. ఆగి ఉన్న బండి కాబట్టి సరిపోయింది. ఇంకొక్కసారి నా చెవిన పడిందంటే ఆ రూటు మన మీసాల డ్రైవరుకి ఇచ్చేస్తా. నిన్ను షెడ్డులో బస్సులు కడగడానికి పంపిస్తా."

ఆ మాట ఇంటికొచ్చి చెబుతుంటే ఆయన కంటే ఆమెకే ఎక్కువ గుండె జారింది. ఎందుకంటే చెరువు రూటు బస్సు ఆమె పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణం ముందు నుంచే వెళ్తుంది. అద్దాలు అరగదీసే ఆమె బల్ల సరిగ్గా కిటికీ పక్కనే. ఆ రూటు వస్తే రోజూ మధ్యాహ్నం భోజనానికి ముందు దుకాణం మలుపులో చిన్నగా హారన్ కొడతానని పెళ్ళయిన వారంలోనే మాటిచ్చాడు. అప్పటి నుంచీ ఆమె ఆ కిటికీ అద్దాన్ని, అడిగేవాళ్ళు లేకపోయినా, రోజూ రెండుసార్లు తుడుస్తోంది. ఆ హారన్ మీసాలాయన కొడితే ఏం లాభం?

దాంతో నిద్ర సంగతి తన నెత్తికెత్తుకుంది.

దుకాణంలో కంటి పరీక్ష చేసే అక్క ఒకావిడ ఉంది. ఇద్దరు పిల్లల తల్లి, లోకం చూసిన మనిషి. విషయం విని, ఎదురుగా కూర్చున్న వాళ్ళ చేత అక్షరాలు చదివించేటప్పటి గొంతుతోనే అడిగింది.

"రాత్రి భోజనం ఎప్పుడు చేస్తారు?"

"బాగా పొద్దుపోయాకే అక్కా. ఆయన వచ్చి, స్నానం చేసి, ఇద్దరం కబుర్లు చెప్పుకుని..."

"కబుర్లు సరే. తిని వెంటనే పడుకుంటే పొట్టకి డ్యూటీ వేసి కళ్ళకి సెలవిచ్చినట్టే. పొట్ట పనిచేస్తుంటే మనిషికి నిద్రెలా వస్తుందే? భోజనం ముందుకి జరుపు. రాగానే పెట్టెయ్. సాయంత్రం కాఫీ మానిపించు. పడకగదిలోకి ఫోన్ రానీకు. గది చీకటిగా ఉంచు. రోజూ ఒకే వేళకి పడుకోబెట్టు."

ఆ సాయంత్రమే ఆమె ఇంటిని నిద్రకు తగ్గట్టు సర్దడం మొదలుపెట్టింది. కాఫీ పొడి డబ్బా కుట్టుపెట్టెలో దాచింది. ఫోన్లు రెండూ వంటింట్లో పై అరలోకి పోయాయి. పడకగది కిటికీకి ఎంత దట్టమైన నల్లగుడ్డ కట్టిందంటే, ఆయన నీళ్ళ కోసం లేచి స్టూలుకి కాలి బొటనవేలు కొట్టుకుని, ఆ నొప్పితో ఇంకాసేపు మేలుకున్నాడు. అన్నిటికంటే ముఖ్యంగా భోజనం ముందుకు జరిగింది. ఆయన గుమ్మంలో బూట్లు విప్పేసరికి బల్ల మీద కంచాలు సిద్ధం.

ఆయన ఇంటికొచ్చే ముందు రోజూ డిపో గేటు పక్కనే ఉన్న వాళ్ళమ్మను పలకరించి వస్తాడు. ఆవిడకు అక్కడ గుండీల దుకాణం ఉంది. గుండీలు, జిప్పులు, దారాలు అమ్ముతుంది, వెనక గదిలో ఉంటుంది. ఈ పలకరింపు గురించి కోడలికి తెలుసు. కన్నతల్లిని రోజూ పలకరించే మొగుడు దొరికినందుకు పొంగిపోయింది కూడా.

"ఇంత తొందరగానా?" అన్నాడు మొదటిరోజు కంచం చూసి.

"నిద్ర కోసం. తినండి."

తిన్నాడు. వేడి సూపు తాగాడు, అన్నం తిన్నాడు, ఉడికించిన కూర తిన్నాడు. మధ్యలో నుదురు తుడుచుకున్నాడు. బెల్టు ఒక రంధ్రం వదులు చేశాడు. ఆమె మొహం చిన్నబోయింది.

"బాగాలేదా?"

"ఎవరన్నారు? ఇంకొంచెం వెయ్" అన్నాడు పాపం. ఆ మాటకు ఆమె ఉప్పొంగిపోయి కొంచెమన్నది రెండు గరిటెలు చేసింది.

ఆ రాత్రి నిద్ర ముందుకంటే అధ్వాన్నం. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. గోరువెచ్చని నీళ్ళతో కాళ్ళు కడిగించింది. దిండు మార్చింది. అక్క చెప్పని చిట్కాలు కూడా తనే కనిపెట్టింది. ఆయన దొర్లుతూనే ఉన్నాడు, ఒకటే త్రేనుపులు. ఆయన దొర్లినప్పుడల్లా ఆమెకూ మెలకువ. వారం తిరిగేసరికి ఆమె కళ్ళ కింద కూడా నల్లచారలు దిగాయి. ఒకరోజు దుకాణంలో కుడి అద్దం ఎడమవైపు, ఎడమది కుడివైపు బిగించి ఇచ్చేసింది. ఆ కళ్ళజోడు పెట్టుకున్న రిటైర్డ్ మాస్టారు కళ్ళు చికిలించి, "అమ్మాయ్, నువ్వు అక్కడున్నావా, ఇక్కడున్నావా?" అని అడిగాడు. అక్క నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని నవ్వుతుంటే ఈమెకు ఏడుపొచ్చినంత పనయింది.

మర్నాడు పొద్దున కోపం కట్టలు తెంచుకుంది.

"మీరసలు ప్రయత్నించడం లేదు!"

"నిద్రకి ప్రయత్నం ఏంటోయ్? అదేమన్నా బరువులెత్తడమా?"

"నేను కాఫీ మానిపించాను, ఫోన్ మానిపించాను, చీకటి చేశాను, వేళకి తిండి పెట్టాను. మీ వంతుగా మీరు చెయ్యాల్సింది కళ్ళు మూసుకోవడం ఒక్కటే. అదీ చేతకాదా?"

"మూసుకునే ఉంటున్నాగా. లోపల తెరిచి ఉంటున్నాయి."

నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది. ఆయన టిఫిన్ డబ్బా చేతిలో పెట్టి, బుగ్గ మీద ముద్దు మాత్రం బాకీ ఉంచేసింది. గుమ్మం దాటుతూ ఆయన వెనక్కి తిరిగి, "ఇన్‌ఛార్జి ఈ శుక్రవారమే రూటు చెబుతాడట" అన్నాడు మెల్లగా.

శుక్రవారానికి ఎంతో దూరం లేదు. పని చేస్తున్నంతసేపూ ఆమెకు అదే ధ్యాస. చిన్నప్పుడు ఈయన ఎలా నిద్రపోయేవాడో, ఏం పెడితే పడుకునేవాడో అత్తయ్యకు తెలియకుండా ఉంటుందా? ఈ ఆలోచన ఇంతకాలం ఎందుకు రాలేదా అని తనను తాను తిట్టుకుంటూ, సాయంత్రం ఓనరు దగ్గర పర్మిషన్ తీసుకుని ముందే బయల్దేరింది. చెప్పకుండా వెళ్తే అత్తయ్య సంతోషిస్తుందనుకుంది.

గుండీల దుకాణంలో ఎవరూ లేరు. గాజుసీసాల్లో రంగురంగుల గుండీలు సాయంత్రపు వెలుతురులో తళతళలాడుతుంటే, అంత చిరాకులోనూ ఒక్క క్షణం నిలబడి చూసింది. అప్పుడే వెనక గది పరదా అవతల నుంచి మాటలు వినిపించాయి.

"ఇంకొక్క ముక్క వేసుకో నాన్నా. ఎండిపోతున్నావు."

"చాలమ్మా, నిజంగా చాలు."

"ఏం చాలు? కాఫీ చల్లారిపోతోంది చూడు."

ఆమె పరదా పక్కకు లాగింది.

బల్ల ముందు డ్రైవరుగారు. కంచంలో గుట్టగా అన్నం, పక్కన నూనెలో ఎర్రగా వేగిన చేపముక్కలు, బంగాళాదుంపల వేపుడు. కంచం పక్కన పొగలు కక్కుతున్న కాఫీ, అదీ చిన్న గ్లాసు కాదు. నోట్లో పెట్టుకున్న ముద్ద మింగనూ లేక, కక్కనూ లేక ఆయన కళ్ళు మాత్రం గుండ్రంగా తిప్పాడు.

"డ్రైవరుగారూ, బండి ఏ స్టాపులో ఆగిందండీ?" అంది ఆమె.

"రా అమ్మాయ్, రా రా!" అత్తయ్య లేచి కుర్చీ లాగింది. "వేళకొచ్చావు. నువ్వూ రెండు ముద్దలు తిను."

"అత్తయ్యా, ఈయన రోజూ ఇక్కడ తింటున్నారా?"

"మరి? డ్యూటీ దిగి ఆకలితో వస్తాడుగా. నీ దగ్గర రాత్రికి ఏదో కొంచెం తింటున్నాడటగా. కొంచెం తిని ఎలా ఉంటాడమ్మా?"

"కొంచెమా!" ఆమె గొంతు లేచింది. "సూపు, అన్నం, కూర, మళ్ళీ కూర, పెరుగు! ఆకలి దంచేస్తోందంటూ ఈయనే వేయించుకుంటారు!"

అత్తయ్య కొడుకు వైపు తిరిగింది. ఆవిడ మొహంలో రంగు మారింది.

"ఏరా? ఇక్కడ ఇంత తిని, అక్కడికెళ్ళి మళ్ళీ అంతా తింటున్నావా?"

ఆయన ముద్ద మింగాడు. నీళ్ళు తాగాడు. "నువ్వేమో నాకోసం తినకుండా కూర్చుంటావు. అదేమో నాకోసం తినకుండా కూర్చుంటుంది. ఎవరికి వద్దని చెప్పనమ్మా?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీనా?"

"ముందు పర్లేదు" అన్నాడు కంచంలోకి చూస్తూ. "ఇక్కడ తిన్నది అరగడానికి కాస్త టైముండేది. నీ కోడలు భోజనం ముందుకి జరిపాక ఈ కంచం మీంచి లేచి, ఆ కంచం ముందు కూర్చుంటున్నా. బూట్లు విప్పడానికి వంగితే ఊపిరాడటం లేదు."

ఆమె కుర్చీలో కూలబడింది. నల్లగుడ్డ కట్టింది, ఫోన్లు దాచింది, కాళ్ళు కడిగించింది, అన్నీ చేసి చివరికి రెండు భోజనాలనీ పక్కపక్కన పెట్టి మొగుడి పొట్టకు డబుల్ డ్యూటీ వేసింది తనే. నవ్వాలో, ఆ చేపముక్క తీసి ఆయన నెత్తిన కొట్టాలో తెలియలేదు.

"మరి కాఫీ?" అంది నీరసంగా.

"ఇంట్లో పొడి అయిపోయిందన్నాడు" అంది అత్తయ్య. "పాపం అని ఇస్తున్నా."

"పొడి అయిపోలేదు అత్తయ్యా. నిద్ర కోసం దాచాను."

"వీడికి నిద్ర పట్టడం లేదా?"

ఈసారి ఆయన ఏమీ అనకముందే ఆమె మొదలుపెట్టింది. స్టీరింగు మీద తల, ఇన్‌ఛార్జి, మీసాలాయన, చెరువు రూటు, మలుపులో హారన్, మాస్టారి కళ్ళజోడు, అంతా ఏకధాటిగా చెప్పేసింది. అత్తయ్య వింటూ వింటూ కాఫీ గ్లాసు తీసుకెళ్ళి సింకులో ఒంపేసింది.

"అయ్యో..." అన్నాడు ఆయన.

"నువ్వు నోర్ముయ్" అన్నారు ఇద్దరూ ఒకేసారి. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు.

నవ్వయ్యాక మర్యాదలు మొదలయ్యాయి. రేపటి నుంచి నీ దగ్గరే తిననీ అని ఆవిడ, మీ దగ్గరే తిననివ్వండని ఈమె. పట్టుపట్టి ఒకరికొకరు ఇచ్చేసుకుంటుంటే ఆయన బంతాట చూసేవాడిలా అటూ ఇటూ చూశాడు. మాటల మధ్యలో ఆమె చూపు బల్ల మీద బోర్లించి ఉన్న ఇంకో కంచం మీద పడింది. అత్తయ్య ఇంకా తినలేదు.

"ఒక్కదాన్నే అయితే ముద్ద దిగదమ్మా" అంది ఆవిడ, ఎవరూ అడగకుండానే, బల్ల మీద లేని మరకను తుడుస్తూ.

కోడలు లేచి అరలోంచి తనూ ఒక కంచం తెచ్చుకుంది. "అయితే రేపటి నుంచి నేనే దుకాణం నుంచి ఇటు వచ్చేస్తాను. ఒకరోజు వంట మీది, ఒకరోజు నాది. ముగ్గురం ఇక్కడే, చీకటి పడకముందే తినేద్దాం. ఒక్క భోజనం. వేపుళ్ళు ఆదివారం పగటిపూటకి. కాఫీ పొద్దున మాత్రమే. తిన్నాక మేమిద్దరం నడిచి వెళ్తాం."

"నడిచా?" అన్నాడు బస్సు డ్రైవరు, తీరని అవమానం జరిగినట్టు.

"నడిచే" అంది అత్తయ్య.

ఆ మూడు స్టాపుల దూరం నడక ఆమెకు తెగ నచ్చేసింది. మూసేస్తున్న దుకాణాలు, కిటికీల్లో వెలుగుతున్న దీపాలు, తన నడకకు సరిపోయేలా అడుగు తగ్గించి నడిచే మొగుడు. ఇంటికెళ్ళగానే బాకీ ఉన్న ముద్దు తీర్చేసింది. ఇక నిద్ర అంటారా, మొదటి రాత్రి కాస్త దొర్లాడు. రెండో రాత్రి "ఈ దిండు కొంచెం..." అని మొదలుపెట్టి, మాట పూర్తికాకుండానే పడిపోయాడు. శుక్రవారం పొద్దున తెల్లటి కళ్ళతో డిపోకి వెళ్ళాడు. ఇన్‌ఛార్జి ఆయన మొహంలోకి తేరిపార చూసి, చెరువు రూటు ఇచ్చేశాడు.

ఆ సంగతి విని ఆమె ఎగిరి గంతేయాల్సింది. గంతేసే ఓపికే లేదు. ఎందుకంటే మొగుడు నిద్రపోవడమంటే ఏమిటో ఆమెకు అప్పుడే తెలిసింది. దొర్లే మనిషి కనీసం నిశ్శబ్దంగా దొర్లేవాడు. ఈయన గురక నిండు బస్సు ఎత్తు ఎక్కుతున్నట్టు మొదలై, గేరు మార్చి, పైకెక్కి, ఆగి, ఇక పోయింది అనుకునేలోపు మళ్ళీ స్టార్టయ్యేది. పక్కకు తిప్పింది. ముక్కు నొక్కింది. రెండు చెవుల్లో దూది పెట్టుకుంది. ఇంతకాలం నల్లగుడ్డ కట్టి, ప్రాధేయపడి పిలిచిన నిద్ర వచ్చి మొగుణ్ణి ఎత్తుకుపోయి, తనను మాత్రం గుమ్మం బయట నిలబెట్టింది.

కొత్త రూటు మొదటిరోజు ఆమె కిటికీ మరోసారి తుడిచి, కళ్ళజోడు ఫ్రేము వేడిచేస్తూ రోడ్డు మీదే కన్నేసి ఉంచింది. మలుపులో ఎర్రబస్సు ముక్కు కనిపించింది. చెయ్యెత్తి ఊపబోయింది. సరిగ్గా అప్పుడే, ఎక్కడ దాగి ఉందో, పెద్ద ఆవలింత వచ్చేసింది. కళ్ళు మూసుకుపోయాయి. నోరు తెరిచింది తెరిచినట్టే ఉండగా హారన్ మోగింది. చిన్నగా, రెండుసార్లు. ఆమె కళ్ళు తెరిచేసరికి బస్సు వెనకభాగం, దాని పొగ.

"మీ ఆయన చూశాడులే" అంది అక్క. "కొండనాలుకతో సహా చూసి ఉంటాడు."

ఆ సాయంత్రం గుండీల దుకాణం వెనక గదిలో కంచాల ముందు కూర్చున్నాక, ఆయన ఆమె కళ్ళ కింద చారలను ఎంతో శ్రద్ధగా పరిశీలించాడు. మొహం గంభీరంగా పెట్టాడు.

"ఏమోయ్, నిద్ర సరిగా పట్టడం లేదా? సాయంత్రం కాఫీ గానీ తాగుతున్నావా?"

చేతికందింది గుండీల సీసా మూత. గురి మాత్రం చక్కగా కుదిరింది.