కుడివైపు కంకి

ఆ రూపాయి సీతమ్మకు శంషాబాద్ అంగడిలో వచ్చింది. వంకాయలు కొని, చిల్లర చూసుకోకుండా కొంగున కట్టుకుంది. ఇంటికొచ్చి ముడి విప్పితే ముద్రంతా ఒక పక్కకు జారిపోయిన రూపాయి బయటపడింది. ఒకటి అంకె అంచుదాకా పోయి ఆగింది. దానికి అటూ ఇటూ ఉండాల్సిన రెండు కంకుల్లో ఎడమది నిండుగా ఉంది, కుడిది లేనే లేదు. ఎడమ అంచున మాత్రం ఏ ముద్రా లేకుండా నెలవంకంత నున్నటి జాగా.

కిరాణా శంకరయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి వెనక్కి తోశాడు.

"సీతక్కా, బోణీ టైముల గిసుంటిది తెస్తవా? జర మంచిది ఇయ్యరాదే."

అఫ్జల్‌గంజ్ బస్సు కండక్టరు తీసుకోలేదు. పిండిగిర్నీలో తీసుకోలేదు. భర్త యేసురత్నానికిచ్చి బీడీలకు పంపితే, బీడీలు లేకుండా రూపాయితోనే తిరిగొచ్చాడు.

ఇక మిగిలింది దేవుడు.

సాతంరాయిలో వాళ్లు పోయే రేకుల చర్చిలో ఇదేమీ కొత్త సంగతి కాదు. కానుకల సంచి ఎర్ర మఖ్మల్‌ది, బాగా లోతు. చెయ్యి మణికట్టుదాకా లోపలికి పోతుంది కనుక ఎవరేం వదిలారో పక్కవాళ్లకు తెలియదు. అతుకుల నోట్లు, అరిగిపోయిన పావలాలు, బజారులో దిక్కులేనివన్నీ ఆదివారానికి అందులోకి చేరేవి. సీతమ్మ కూడా కళ్లు మూసుకుని, ముఖంలో భక్తి నింపుకుని వదిలేసింది.

సీతమ్మకు చాలా కాలంగా ఒక కోరిక ఉంది. చర్చిలో దేనిమీదైనా సరే, తన పేరుండాలి. స్త్రీల సమాజానికి పెద్ద తనే. మందిరం ఊడ్చేది, కడిగేది, పూలు పెట్టేది తనే. ఎవరైనా వాక్యం తప్పు చదివితే కూర్చున్న చోటినుంచే దిద్దేది కూడా తనే. పేర్లు మాత్రం వేరేవాళ్లవి. క్యాథరిన్ వాళ్లాయన రెండు ఫ్యాన్లు కొనిచ్చి రెక్కల మీద పేరు రాయించుకున్నాడు. ఫ్యాను తిరిగినంతసేపూ అది కనబడదు గానీ, ఆ రోజుల్లో కరెంటు ఉండేదెంతసేపని? ప్రసంగం మధ్యలో కరెంటు పోయేది, రెక్కలు మెల్లగా ఆగేవి, జనమంతా తలలెత్తి 'క్యాథరిన్ కుటుంబం' అని చదువుకునేవాళ్లు.

మరుసటి ఆదివారం పాస్టరు జయకర్ ఆ రూపాయిని పైకెత్తి చూపించాడు. ఆయనది గుంటూరు వైపు, మాట మెత్తన.

"ఇది ఎక్కడా మారడం లేదండీ. ఎవరు వేశారని నేనడగను. వేసినవారికీ ప్రభువుకూ తెలుసు."

సీతమ్మ ఊరుకుని ఉంటే పోయేది. అందరూ తననే చూస్తున్నట్టు అనిపించి లేచి నిలబడింది.

"ఎందుకడగరు పాస్టరుగారూ? అడగాలె! దేవునికి చెల్లని పైస ఏసినోళ్లు ఎవ్వలైతేంది, వాళ్లు సప్పీరనే! బైబిల్ల కానుకల మోసం జేసిన సప్పీర ఏమైంది? నిలవడ్డకాడనే పడి సచ్చింది. ఇగ ఈ సంచి వద్దు. స్టీలు పళ్లెం పెట్టుండ్రి. ఎవ్వలేం ఏసిండ్రో అందరికీ కనవడాలె!"

చివరికి ఏడ్చింది కూడా. ఆ ఏడుపు నిజమైనదే. మగవాళ్ల వైపు యేసురత్నం తన కాళ్లకేసి చూసుకుంటూ కూర్చున్నాడు.

అవి ఊరికి ఎయిర్‌పోర్టు వస్తుందన్న మాట మొదలైన రోజులు. అరుణ్‌కుమార్ అనే ప్లాట్ల బ్రోకరు చర్చి పక్క జాగా కోసం పాస్టరు చుట్టూ తిరుగుతున్నాడు. బల్లమీదున్న రూపాయి అతని కంట్లో పడింది.

"టంకశాలల తప్పు పడ్డది సార్ ఇది! అబిడ్స్‌ల గిసుంటివి వేలకు కొంటరు."

వేలు అన్నమాట బావి దగ్గరికి వచ్చేసరికి యాభై వేలైంది. కొత్వాల్‌గూడ చేరేసరికి లక్ష. గజం ధరకూ రూపాయి ధరకూ తేడా తెలియకుండా పోయింది.

ఆ ఆదివారం పాస్టరు ముఖం వెలిగిపోయింది. "దేవుడు దేన్నీ వృథా పోనివ్వడు. కానుక ఇచ్చినవారి పేరు రాతి మీద చెక్కించి గోడకు పెడదాం. వచ్చే ఆదివారం ముందుకు రండి."

ఆ వారమంతా సీతమ్మకు అన్నం సహించలేదు.

"నాదేనని చెప్పరాదే, రాయి మీద పేరొస్తది" అన్నాడు యేసురత్నం.

"సప్పీర అంటి గదయ్యా!"

"అయితే ఏంది, సప్పీరనే చెక్కమందం."

కట్టుకున్నవాడు గనుక కూరగిన్నెతో కొట్టకుండా విడిచిపెట్టింది.

ఆదివారం నలుగురు లేచారు. వారిలో ఒక అత్త, ఆమె కోడలు వేరువేరుగా లేచారు. నాలుగోది క్యాథరిన్.

"నేనే ఏసిన పాస్టరుగారూ. అపురూపమైనదని దేవునికే దాచిపెట్టిన."

పాస్టరు రూపాయిని గుప్పిట్లో మూసి అడిగాడు. "మరి ఏ వైపు కంకి లేదో చెప్పండమ్మా."

"రెండు దిక్కులా లేవు" అంది అత్త. "కంకులున్నయి, సింహాలే లేవు" అంది కోడలు. మూడో మనిషి కొంగు సర్దుకుని కూర్చుంది.

"ఎడమ దిక్కుది" అంది క్యాథరిన్.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్ల చప్పుడు ఆగింది.

"కుడిదిక్కుది!" అంది సీతమ్మ.

వాక్యం దిద్దిన గొంతే అది. అనేశాక గానీ తనకే వినబడలేదు. జనమంతా తిరిగి చూశారు.

"మీకెలా తెలుసు సీతమ్మగారూ?"

ఆమె మెల్లగా లేచింది. "అవ్, నాదే. శంకరయ్య తీసుకోలే, బస్సుల తీసుకోలే, గిర్నీల తీసుకోలే. దేవుడైతే వాపస్ ఇయ్యడు గదా అని ఏసిన. సప్పీరను నేనే. ఇగ ఏమంటరో అనుండ్రి."

వెనకనుంచి ఇందాకటి అత్త గొంతు వినబడింది. "మరి కింద పడలేదేందే?"

పాస్టరు మాట తప్పే మనిషి కాదు. రూపాయి అరుణ్‌కుమార్ చేతికిచ్చి అబిడ్స్ పంపాడు. అతను తిరిగొచ్చి యాభై రూపాయలు బల్లమీద పెట్టాడు. "మార్కెట్ డౌన్ ఉన్నది సార్." అంతకుముందు చర్చి పక్క జాగా ధర గురించీ అదే చెప్పాడు.

యాభై రూపాయలకు రాయి రాదు. శంషాబాద్ గిన్నెల దుకాణంలో స్టీలు పళ్లెం వచ్చింది. కొన్నదాని మీద పేరు కొట్టడం అక్కడ ఉచితం. పళ్లెం నడుమ చుక్కలు చుక్కలుగా 'సీతమ్మ' అని కొట్టించి, "ఆవిడ అడిగింది ఇదేగా" అని పాస్టరు సంచి తీసేసి దాన్ని తిప్పాడు.

పావలా వేస్తే ఖంగుమని పావలాలాగే మోగేది. ఎవరు ఎంత వేసిందీ ముందు బెంచీ నుంచి గుమ్మం దాకా తెలిసిపోయేది. క్యాథరిన్ మాత్రం ప్రతివారం ఐదు రూపాయల నోటు విప్పి, సరిగ్గా పేరు మీద పరిచేది. నెల తిరగకముందే ఆమే లేచింది.

"చప్పుడుకు ప్రార్థన పాడైతుంది పాస్టరుగారూ. సంచినే మంచిగుండె."

"బలపరిచేవారు ఎవరైనా ఉన్నారా?"

అందరూ సీతమ్మకేసి చూశారు. ఆమె కొంగు ముడి తడుముకుంది. అందులో మూల చిరిగిన రెండు రూపాయల నోటుంది. పొద్దున్నే శంకరయ్య మొహం మీదే వద్దన్నాడు. పళ్లెం మీది పేరుకేసి కాసేపు చూసి, చెయ్యెత్తింది.

సంచి మళ్లీ వచ్చింది. సీతమ్మ కళ్లు మూసుకుని, చెయ్యి మణికట్టుదాకా లోపలికి పోనిచ్చింది.

పళ్లెం స్త్రీల సమాజంలో బిస్కెట్లకు పోయింది. బిస్కెట్లు అయిపోతే గానీ పేరు కనబడదు. అందుకే సీతమ్మ ఒకటి అడిగినవాళ్లకు రెండిస్తుంది.