పిచ్చుక గాలానికి దారం

"దారం సంగతి నాకు చెప్పకురా," అంది దర్జీ, గాలాల కొట్టులో బల్ల మీద మోచేతులు ఆనించి, తన తమ్ముడితో. "పద్దెనిమిదేళ్లుగా దారం మీదే బతుకుతున్నాను."

"అది చొక్కాలు కుట్టే దారం అక్కా. చొక్కా పట్టుకుని లాగదుగా!"

ఇద్దరి మధ్యా ఆమె ఎనిమిదేళ్ల కూతురు కొత్త గాలం కర్ర పట్టుకుని నిలబడింది. పిల్లని ఇంటిల్లిపాదీ పిచ్చుక అంటారు. కర్రకి బిగించిన రీలు మాత్రం ఇంకా ఖాళీ. పోయిన నెల మేనమామ తన పాత గాలం ఇచ్చి చెరువుకి తీసుకెళ్తే, పొద్దుటినుంచీ దారం చిక్కులు పడుతూనే ఉంది. మామయ్యకి చిక్కులు విప్పడంతోనే సరిపోయింది. అందుకే ఈసారి ముందే షరతు పెట్టాడు: రేపు చెరువు దగ్గర చిక్కుపడితే పిచ్చుకే విప్పుకోవాలి. మామయ్యని పిలిచిందా, గాలం పక్కన పెట్టేసి గట్టు మీద కూర్చోవాల్సిందే.

తమ్ముడు తను వాడే, సన్నటి పోగులు కలిపి అల్లిన దారం కండె తీసి బల్ల మీద పెట్టాడు. "కళ్లు మూసుకుని తీసుకో. ఏనుగుని కట్టినా తెగదు."

"చెరువులో ఏనుగులు పడుతున్నాయా?"

కొట్టాయన మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు.

ఆమె కాస్త దారం లాగి వేలికి చుట్టి బిగించింది. చర్మం మీద తెల్లటి గీత పడింది. ఒక ముడి వేసి గోటితో విప్పబోతే రాలేదు. "ఇది చిక్కుపడితే ఇంక కత్తెరే దిక్కు," అని పక్కకి నెట్టింది. తర్వాత మామూలు నైలాన్ దారాలు అడిగింది. లావుది వదలగానే స్ప్రింగులా చుట్టలు చుట్టుకుంది. మరీ సన్నది కంటికే ఆనలేదు. మధ్యరకంది, పసుపుపచ్చది, మెత్తగా వేళ్ల మీద వాలింది. దానికి వదులుగా ముడివేసి కూతురికిచ్చింది.

పిచ్చుక నాలుక బయటపెట్టి, కళ్లు చికిలించి, గోటితో గిల్లింది. "వచ్చేసింది!"

"ఈ రంగు చేపలక్కూడా కనిపిస్తుంది," అన్నాడు తమ్ముడు.

"ముందు పిల్లకి కనిపించనీ."

"మూడు కిలోల దాకా ఆగుతుందమ్మా. ఈ చిన్న రీలుకి అంతే చాలు," అన్నాడు కొట్టాయన.

ఇంటికొచ్చాక రీలుకి దారం తల్లే ఎక్కించింది. కుట్టు మధ్యలో దారం అయిపోతే ఆమెకి ఒళ్లు మండుతుంది, అందుకే కుట్టుమిషను బాబిన్‌కి ఎప్పుడూ అంచుల దాకా దారం నింపుతుంది. రీలునీ అలాగే నింపింది. నున్నగా, ముచ్చటగా వచ్చింది.

కొక్కేనికి బదులు సీసం గుండు కట్టి, విసిరి చూడ్డానికి ముగ్గురూ సందులోకి వచ్చారు. పిచ్చుక కర్ర వెనక్కి తీసుకెళ్లి విసిరింది. గుండు నాలుగడుగుల దూరంలో పడింది. రీలు మీంచి దారం చుట్టలు చుట్టలుగా జారి, గుప్పెడు పసుపుపచ్చ గూడైపోయింది.

"చూశావా?" అన్నాడు మేనమామ గుమ్మానికి ఆనుకుని.

తల్లి ఆ గూడు కేసి చూసింది. కొట్టులో అంత ధీమాగా మాట్లాడి, పిల్ల ఆశ తనే నీరుగార్చిందా? చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది.

"నేను పిలవలేదుగా," అంది పిచ్చుక, నేల మీద చతికిలబడుతూ.

తల్లి చేతులు వెనక్కి కట్టుకుంది. పిల్ల ఒక్కో చుట్టనీ గోటితో ఎత్తింది, వదులు చేసింది, ఒకసారి తప్పు కొస లాగి మళ్లీ మొదలెట్టింది. పక్కింటివాళ్ల కుక్క వచ్చి వాసన చూసి వెళ్లిపోయింది. చివరికి దారం తిన్నగా నేల మీద పరుచుకుంది. పిల్ల రీలు కేసి చాలాసేపు చూసింది.

"అమ్మా, పాలగిన్నెలా అంచుదాకా పోసేశావు. అందుకే పొంగిపోతోంది."

"అవునే తల్లీ! బాబిన్ అనుకున్నాను," అని నెత్తి కొట్టుకుంది దర్జీ. తమ్ముడి వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"అంచుకి కాస్త వెలితి ఉంచాలని తెలుసు. దారం సంగతి చెప్పొద్దన్నావుగా!"

"అంత మాట వినేవాడివి ఎప్పటినుంచయ్యావురా!"

కొన్ని బారలు లాగి కత్తిరించారు. పిచ్చుక మళ్లీ విసిరింది. ఈసారి గుండు మూడిళ్లు దాటి గేటు దగ్గర టప్పుమంది. తిప్పి వెనక్కి చుట్టింది. మళ్లీ విసిరింది.

మేనమామ గుమ్మం వదిలి దగ్గరికొచ్చాడు. "చిక్కు నువ్వే విప్పుకున్నావుగా, రేపు నా పక్కన వద్దులే. కొంచెం అవతల, నీకు వేరే చోటు చూపిస్తాను."

"అక్కడ పెద్దవి ఉంటాయా మామయ్యా?"

"ఉంటాయి."

"మరి నువ్వు ఉంచుకోకుండా నాకెందుకిస్తున్నావు?" అంది పిచ్చుక, కర్ర వెనక్కి ఎత్తుతూ.