ఖాళీగా ఉంచిన సీటు

చీరల షాపులో పరుపు మీద పరిచే తెల్ల దుప్పటి ప్రతి శనివారం మా ఇంటికి వచ్చేది. వన్ టౌన్‌లో రేవు వైపు నుంచి గాలి వీస్తే చాలు, కిటికీల మీదా, ఆరేసిన బట్టల మీదా నల్లటి బొగ్గు నుసి పడుతుంది. ఇక రోజంతా జనం ఎక్కి దిగే దుప్పటి సంగతి చెప్పేదేముంది? సర్ఫులో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, నీలం పెట్టి ఆరేసి, సోమవారం మడత పెట్టి పట్టుకెళ్లేదాన్ని. మా బావ ఆ షాపులో పనిచేసిన తొమ్మిదేళ్లలో ఆ దుప్పటి ఒక్కసారి కూడా మా గుమ్మం తొక్కలేదు. ఆయన చోట నేను కూర్చోవడం మొదలుపెట్టిన వారానికే వచ్చింది. "ఎలాగూ ఇంట్లో ఉతుకుతావు కదమ్మా, ఇదీ ఓ చేత్తో అందులో పడేయి," అన్నారు షావుకారుగారు. ఆ ఓ చెయ్యి నాకు ఎక్కడినుంచి మొలుస్తుందో ఆయన చెప్పలేదు.

బావ అంటే మా ఆయన నవీన్. మేనత్త కొడుకు కాబట్టి పెళ్లయ్యాక కూడా బావే. చీరల షాపులో సేల్స్‌మన్. దాంతో పాటు టెరిటోరియల్ ఆర్మీలో సిపాయి. ఏడాదిలో కొన్నాళ్లు ట్రైనింగుకి వెళ్లి, మిగతా రోజులు తమ పని తాము చేసుకునే సైన్యం అది. దేశానికి అవసరం వస్తే పిలుస్తారు, పిలిస్తే పోవాలి. తిరిగొచ్చాక పాత ఉద్యోగం మళ్లీ ఇవ్వాలని చట్టం కూడా ఉంది. నిరుడు మే నెలలో సరిహద్దు దగ్గర గొడవలైనప్పుడు బావకి కాగితం వచ్చింది. మూడో రోజు రైలెక్కాడు. నాలుగేళ్ల పిల్ల జ్వరం గురించి, ఇంటి గురించి ఏమన్నా చెబుతాడేమోనని ప్లాట్‌ఫారం మీద చూస్తూ నిలబడ్డాను. "గౌరీ, షాపులో నా సీటు సూసుకో. నానొచ్చేసరికి ఇంకోడు కూకుంటే లేపలేం," అన్నాడు.

ఆ భయం ఎందుకో నాకు తెలుసు. ఆ షాపు నాకు కొత్త కాదు. మ్యాచింగ్ కౌంటర్లో ఐదేళ్లు పనిచేశాను. కొంగు చూసి జాకెట్టు గుడ్డ తీయడంలో నన్ను మించినవాళ్లు లేరని షావుకారుగారే పదిమందిలో అనేవారు. కాన్పుకి వెళ్లి, ఐదో నెలలో తిరిగొచ్చేసరికి నా స్టూలు మీద వేరే అమ్మాయి కూర్చుని ఉంది. "ఎన్నాళ్లని ఖాళీగా ఉంచుతామమ్మా? వ్యాపారం కదా. ఆడపిల్లల ఉద్యోగాలు ఇంతే, ఏమీ అనుకోకు," అన్నారు. నేను వెళ్లింది బిడ్డని కనడానికి, తిరణాలకి కాదు. అయినా ఏమీ అనుకోకుండా ఇంటికి వచ్చేశాను. ఏమీ అనుకోకపోవడం మా ఇంట్లో ఆడవాళ్లకి అప్పటికే బాగా అలవాటు.

అలాంటి షావుకారుగారే ఇప్పుడు, "నవీన్ సీట్లో నువ్వు కూర్చోమ్మా. వాడి ఉద్యోగం వాడికి ఉంటుంది, నీకూ కాలక్షేపం," అన్నారు. హాజరు రిజిస్టరులో బావ పేరు పక్కన 'ఆన్ డ్యూటీ' అని రాశారు. నా పేరు ఎక్కడా రాయలేదు. జీతం మాటెత్తితే మా అత్త చిలకమ్మే నా నోరు నొక్కేసింది. పిల్లని చూసుకోవడానికని పద్మనాభం ఊరి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది అప్పుడు. "మొగుడి సీటు కాపాడుకోడానికి పెళ్లానికి జీతమేటే? ఊరోళ్లు ఇంటే నవ్విపోతారు!"

పొద్దున్నే లేచి వంట, పిల్ల, అత్త మోకాళ్లకి నూనె, ఆపైన షాపు. పరుపు మీద బాసింపట్టు వేసుకుని, చీర విప్పి పరిచి, భుజాన వేసుకుని చూపించి, నలభై చీరలు తీయించి "మళ్లీ వస్తాం" అని లేచిపోయేవాళ్లకి నవ్వుతూ దండం పెట్టి, ఆ నలభై మళ్లీ మడత పెట్టాలి. కష్టమే. కానీ అబద్ధమెందుకు, ఆ పని నాకు ఇష్టం. జాలరిపేటలో చేపలమ్మే పాపాయమ్మ వచ్చి, మనవరాలి ఓణీల ఫంక్షనుకి చీరలు కొని, "నీ మొగుడు సూపిత్తే ఒక్కటీ నచ్చేది కాదే తల్లీ. నువ్వే సూపించు ఇకమీద," అంది. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్తుంటే కాళ్లు నొప్పి పుట్టలేదు.

రెండో నెలలో షావుకారుగారి కొడుకు చందు ఫోను పట్టుకుని వచ్చాడు. "అక్కా, పైన గోడౌన్లోంచి పట్టుచీరలు పట్టుకురా, ఈలోగా చిన్న వీడియో తీసుకుంటాను," అన్నాడు. నేను లేచాను. నేను పైన ఉండగా పరుపు మీద నా చోట బావ యూనిఫాం ఫోటో పెట్టాడు. ఫోటో బోసిగా ఉందనిపించిందట. గల్లాపెట్టె పైన దేవుడి పటానికి ఉన్న బంతిపూల దండ తీసి దానికి వేశాడు. 'మా వీర జవాను సీటు. తిరిగొచ్చేదాకా ఖాళీగానే ఉంచుతాం' అని రాసి అందరికీ పంపించాడు.

మధ్యాహ్నానికి పక్కింటివాళ్ల ఫోన్లో అది మా అత్త కంట పడింది. బతికున్నవాడి ఫోటోకి ఎవరైనా దండ వేస్తారా? చంకలో పిల్లతో, గుండెలు బాదుకుంటూ షాపు దాకా పరిగెత్తుకొచ్చింది. "ఓలమ్మో, నా కొడుక్కి దండేసీసారే! నాకు సెప్పకండా దాసీసారే!" వీధి వీధంతా పోగైంది. బావ ఫోను కలవదు. నా చేతిలోని చీరలు కింద పడిపోయాయి. సాయంత్రం బావే ఫోను చేసి, "ఏటయింది? నాను బాగానే ఉన్నాను," అనేదాకా మా ఇంట్లో ఎవరికీ ఊపిరాడలేదు. చందు వచ్చి అత్త కాళ్లు పట్టుకున్నాడు. మర్నాడు దండ తీసేసి, జెండా పెట్టి మళ్లీ వీడియో తీశాడు. "ఒక్క నిమిషం లే అక్కా," అన్నాడు. అప్పుడూ లేచాను.

ఆ గొడవలో అందరం దండనే చూశాం. ఆ వీడియోలో నేను లేనన్న సంగతి నాక్కూడా వారం తర్వాత గానీ తట్టలేదు.

రెండో వీడియో చూసి జనం విరగబడ్డారు. గాజువాక నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. స్టీల్ ప్లాంటులో రిటైరైన ఆయన భార్య ఒకావిడ నా ఎదురుగా కూర్చుని, "ఇలాంటి షాపుల్లోనే కొనాలమ్మా. దేశం కోసం వెళ్లినవాడి ఉద్యోగం కాపాడేవాళ్లని మనం కాకపోతే ఎవరు నిలబెడతారు?" అంది. నిజమే. ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. తర్వాత అటూ ఇటూ చూసి అడిగింది. "ఇంతకీ ఆ జవాను సీటు ఎక్కడమ్మా?"

నేను కూర్చున్నది దాని మీదే. "ఇదేనండి."

"మరి ఖాళీగా ఉంచామన్నారు?"

"ఇప్పుడే ఎక్కానండి," అన్నాను. షాపు పరువు కోసం ఆడిన ఆ అబద్ధం తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సెప్టెంబరులో బావ వస్తున్నానని ఫోను చేసినప్పుడు అడిగేశాను. "బావా, నీ సీటు నీకు ఇచ్చేస్తాను. నా మ్యాచింగ్ కౌంటరు నాకు ఇమ్మని షావుకారుగారితో ఒక మాట చెప్పవా?" అటునుంచి నవ్వాడు. "నాను వచ్చేత్తన్నాను గదే. ఇంక నీకెందుకా తిప్పలు?" షావుకారుగారిని నేనే అడిగాను. "చూద్దాంలేమ్మా," అన్నారు. ఆ 'చూద్దాం' ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. ఈసారి ఊరుకుంటే వంటింటికీ దుప్పటికీ మధ్యే నా బతుకు తెల్లారిపోతుందని కూడా తెలుసు.

బావ వచ్చిన రోజు షాపు ముందు ఫ్లెక్సీ కట్టారు. లోపల జనం, పేపరువాళ్లు. బావ యూనిఫాంలో నిలబడ్డాడు, ఎండకి నల్లబడి, చిక్కిపోయి. చూడగానే నాకు ఏడుపొచ్చింది. నా చేతికి హారతి పళ్లెం ఇచ్చి మూల నిలబెట్టారు. నిన్న నేనే ఉతికి తెచ్చిన దుప్పటి పరుపు మీద తెల్లగా మెరుస్తోంది. షావుకారుగారు మైకు అందుకున్నారు.

"నాలుగు నెలల పన్నెండు రోజులు! వ్యాపారం పోయినా సరే, ఈ సీట్లో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. మా నవీన్ కోసం ఖాళీగా ఉంచాం!"

చప్పట్లు మోగిపోయాయి. బావ కూడా కొట్టాడు. వీలు దొరికినప్పుడల్లా ఆ సీట్లో ఉన్న నాకే ఫోను చేసి "బేరాలు ఎలగున్నాయే?" అని అడిగిన బావ, చెయ్యీ చెయ్యీ కలిపి కొట్టాడు.

పళ్లెం గల్లాపెట్టె మీద పెట్టాను. చెప్పులు విప్పి, పరుపెక్కి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"ఏటే ఇది? లెగు, అందరూ సూత్తన్నారు," అన్నాడు బావ పళ్లబిగువున.

"అమ్మా, అది నవీన్ సీటు," అన్నారు షావుకారుగారు, మైకు దింపకుండానే.

"ఖాళీగా ఉందన్నారు కదండీ, కూర్చున్నాను," అన్నాను. "బావ సీటు బావకి ఇవ్వాల్సిందే. దేశం పని మీద వెళ్లొచ్చాడు. నేనూ కాన్పుకి వెళ్లొచ్చాను. నా స్టూలు నాకు ఇవ్వండి. ఆ రిజిస్టరులో ఇవాళ్టి నుంచి నా పేరు రాయండి. అప్పుడు లేస్తాను."

జనంలోంచి పాపాయమ్మ దారి చేసుకుంటూ వచ్చి, నా ఎదురుగా చతికిలబడింది. "ఖాళీ ఏటి బాబూ? ఇన్నాళ్లూ నాకు సీరలు సూపించింది ఈ పిల్లే గదా! తియ్యి తల్లీ, ఆ పచ్చంచు సీర తియ్యి."

నేను చీర అందుకున్నాను. అంతవరకూ అన్నీ వీడియో తీస్తున్న చందు మెల్లగా ఫోను దించేశాడు.

"దించకు బాబూ," అన్నాను. "ఖాళీ సీటు రెండుసార్లు తీశావు కదా. ఇప్పుడు నన్ను కూడా తియ్యి."