జైలు బడిలో బొమ్మల పుస్తకం

నేను ఒక గుడ్డ పుస్తకాన్ని. అచ్చుయంత్రం ముఖం చూసినదాన్ని కాదు. రాయలసీమలోని ఒక మహిళా జైల్లో, ఖైదీలు దుప్పట్లు కుట్టే షెడ్డులో, మిగిలిపోయిన ముక్కలతో పుట్టాను. నన్ను కుట్టిన చేతులు సుంకులమ్మవి. భర్తను చంపిందన్న కేసులో యావజ్జీవ శిక్ష పడిన మనిషి. ఆ కేసులోని నిజానిజాలు నాకు తెలియవు. నన్ను కుడుతున్నంత కాలం ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు, అంతవరకు చెప్పగలను.

తల్లులతో పాటు జైల్లో ఉండే చిన్నపిల్లలకు అక్కడొక బడి ఉంది. నూర్జహాన్ టీచర్ ఆ బడికి మొదట అచ్చు పుస్తకాలే తెచ్చింది. ఆవు బొమ్మ చూపిస్తే పిల్లలు "పిల్లి" అన్నారు. గుర్రాన్ని చూపినా పిల్లే, ఏనుగును చూపినా పిల్లే. గోడ దూకి వంటశాలకు వచ్చే పిల్లి తప్ప వాళ్లు మరో జంతువును ఎరగరు. పైగా ఆ కాగితాలు ఎన్నాళ్లో నిలవలేదు. అప్పుడు టీచర్ కుట్టు షెడ్డుకు వచ్చి, "చిరగని పుస్తకం కావాలమ్మా. చేత్తో పట్టుకుంటే తెలిసేలా ఉండాలి" అంది.

అలా నాలో ప్రతి పేజీకీ ఒక ఆట వచ్చింది. ఆవు తోక పట్టి లాగవచ్చు. బస్సులో గుడ్డ మనుషులను ఎక్కించి దించవచ్చు. వాన పేజీ నిండా పూసలు గుచ్చిన దారాలు. ఇంటి పేజీలో, గుండీ విప్పితే తెరుచుకునే తలుపు.

సుంకులమ్మ కూతురు కావేరి ఆ జైల్లోనే పుట్టింది. ఇంటి పేజీ మొదటిసారి తన ముందుకు వచ్చినప్పుడు ఆ పిల్ల చేతులు కట్టుకుని కూర్చుంది.

"తలుపు తియ్ పాపా" అంది టీచర్.

"దస్తగిరమ్మ రాలేదు గదా!"

దస్తగిరమ్మ ఆ వార్డుకు కాపలా ఉండే వార్డరు. అప్పుడు గుమ్మంలోనే నిలబడి ఉంది. తాళాల గుత్తిని వీపు వెనక్కి దాచుకుని, "నువ్వే తీసుకో తల్లీ. దీనికి నేను వచ్చే పన్లేదు" అంది.

మనుషులు చిత్రమైనవాళ్లు. ఇనుప తలుపులు వాళ్లే వేసుకుంటారు. గుడ్డ తలుపు తీయడం నేర్పడానికి మళ్లీ వాళ్లే పుస్తకాలు కుట్టుకుంటారు.

కావేరికి ఆరేళ్లు నిండవచ్చాయి. ఆ వయసు దాటితే పిల్లలను జైల్లో ఉంచరు. సుంకులమ్మ తండ్రి బీరప్ప గొర్రెల కాపరి. కేసు అయిన నాటి నుంచి కూతురి ముఖం చూడలేదు. అయినా కబురు పంపితే, పిల్లను తాము సాకుతామని జవాబు వచ్చింది. సుంకులమ్మ సంతోషించింది, వెంటనే భయపడింది. ఆ ఆవరణలో అందరూ ఆడవాళ్లే. ఎప్పుడైనా మగ డాక్టరు వస్తే కావేరి తల్లి చీరలో దూరి కెవ్వుమనేది.

"మా నాయనను జూసి అట్లే అరిస్తే ఎట్ల మేడమ్? అసలే రోషగాడు. ఎనక్కి తిరిగి పోయినాడంటే నా బిడ్డకు అనాథాశ్రమమే గతి."

అందుకని చివరి పేజీలో తాతను కుట్టింది. ఎర్ర తలపాగా, తెల్ల దారంతో గుబురు మీసం. భుజాన గొంగడి వేయాలంటే జైలు కంబళి ముక్క కావాలి. జైలు సొత్తు కత్తిరిస్తే తప్పు. దస్తగిరమ్మ ఒక పాత కంబళి తెచ్చి కుట్టు బల్ల మీద పడేసి, "ఇది పనికిరాదంట. నేనేం జూడలే" అంటూ వెళ్లిపోయింది.

మొదట్లో ఆ పేజీ రాగానే కావేరి నన్ను మూసేసేది. టీచర్ తాతను చేతిరుమాలు కింద దాచి వెతకమంది. ఆ తర్వాత తాతకు బువ్వ పెట్టమంది. కొన్నాళ్లకు కావేరి ఆ మీసం నిమురుతూ "తిను తాతా" అనసాగింది. సుంకులమ్మ కిటికీ అవతల నిలబడి చూసేది.

బీరప్ప వచ్చిన రోజు కావేరి నన్ను చంకలో పెట్టుకునే ఆఫీసు వరండాలోకి వచ్చింది. ఎదురుగా ఉన్న మనిషికి తలపాగా ఉంది, గొంగడి ఉంది. మీసం లేదు. కావేరి నన్ను తెరిచి చూసింది, ఆయనను చూసింది.

"ఈయప్ప తాత కాదు" అని తల్లి వెనక నక్కింది.

సుంకులమ్మ ఆ నున్నటి పై పెదవినే చూస్తోంది. కొడుకులు లేని ఇంట్లో తండ్రి మీసం తీయించాడంటే, తన చేత్తో ఎవరికి కొరివి పెట్టాడో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"అమ్మ?" అంది.

"మొన్న అమాస్యకు పాయ, సుంకీ. నీ పేరే అనుకుంటా పాయ. వచ్చి నీకు జెప్పనీకె నాకే కాళ్లు రాలే."

అంతే, బీరప్ప నేల మీద కూలబడ్డాడు. తలపాగా చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

తాత అంటే మీసం అని కావేరికి నేర్పింది నేనే. ఏడ్చే మనిషి నాలో ఏ పేజీలోనూ లేడు. కానీ అది ఆ పిల్లకు ఒకరు నేర్పవలసింది కాదు. ఆ గోడల మధ్య ఏ అక్క ఏడ్చినా వెళ్లి ఆమె వీపుకు చెంప ఆనించి కూర్చోవడం కావేరికి అలవాటు. నన్ను నేల మీద వదిలేసింది. మెల్లగా వెళ్లి బీరప్ప వెనక కూర్చుని, గొంగడి మీద చెంప ఆనించింది.

"ఊరుకో, ఊరుకో. పొద్దున్నుంచి ఏమీ తినలేదా?" అంది.

సుంకులమ్మ కదలలేదు. కదిలితే కూతురు తిరిగి తన దగ్గరకు వచ్చేస్తుందేమోనని గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయింది.

గేటు దగ్గర నన్ను ఆపేశారు. జైలు గుడ్డ, జైలు దారం బయటికి పోకూడదట. కావేరి నన్ను దస్తగిరమ్మ చేతిలో పెట్టి, తాత వేలు పట్టుకుని నడిచింది.

ఇప్పుడు నా రంగులు వెలిశాయి. వేరే పిల్లలు నా బస్సు ఎక్కుతున్నారు, నా తాతకు బువ్వ పెడుతున్నారు. మొన్న ములాఖత్‌కు కావేరి వచ్చిందట. నా అంచులు కుడుతూ సుంకులమ్మ టీచర్‌కు చెప్పింది.

"ఇనుప జాలీ అవతల నిలబడి ఒకటే మాటలు మేడమ్! గొర్రె వానకు తడిస్తే వాసనొస్తాదంట. పిల్ల పుడ్తానే లేసి నిలబడ్తాదంట. చేతులు తిప్పి తిప్పి చెప్పింది."

"అవన్నీ నీకు తెలియనివా సుంకులమ్మా? గొర్రెల మధ్యనే పుట్టినదానివి" అంది టీచర్.

సుంకులమ్మ పంటితో దారం తెంపింది.

"నాకేమీ తెలీదంటిని మేడమ్. ఇంగా జెప్పమ్మా, గొర్రె ఎట్లుంటాది అని అడిగినా."