ఏడో వాకిలి

ఆరో ఇంటి ముగ్గులో చివరి చుక్క చుట్టూ మెలిక తిప్పి, అమ్మాసి నడుం మీద చెయ్యేసుకుని లేచింది. జార్జి టౌన్‌లోని ఆ సందులో ఏడిళ్ల వాకిళ్లు ఊడ్చి, పేడనీళ్లు చల్లి, ముగ్గులు పెట్టడం ఆమె పని. పెళ్లయిన ఏడాది పట్టిన చీపురు. ఇప్పుడు ముందరి పళ్లు రెండు లేవు.

ఏడో ఇల్లు శేషాద్రి అయ్యగారిది. బడిపంతులుగా చేసి మానుకున్న మనిషి. పది రోజులుగా దగ్గుతో మంచం మీదే ఉన్నాడు. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు పెట్టరు. ఆ ఇంట్లోంచి 'ముగ్గు వద్దు' అన్న మాట ఎంత ఆలస్యంగా వింటే అంత మేలని, అమ్మాసి ఆ వాకిలిని ఆఖరుకు ఉంచుకుంటోంది.

కుళాయి గట్టు మీద కూర్చుని వక్క నోట్లో వేసుకుంది. ఇదొక్కటే ఆమె సొంత పొద్దు. ముఖాలు చూడదు, పాదాలు చూస్తుంది. హార్బరు కూలీలు ముగ్గును ఒక్క అంగలో దాటేస్తారు. మూలింటి కొత్తకోడలు మునివేళ్ల మీద నడుస్తుంది. పాల ఏకాంబరం మాత్రం మధ్యలోంచే తొక్కుకుంటూ వచ్చాడు.

"నీకంటే నీ ఆవు నయం. అదన్నా పక్కగా పోతాది."

"సెరి, రేపు దాన్నే పాలు పొయ్యను పంపిస్తాలే అక్కా."

అమ్మాసి నవ్వుకుంది. శేషాద్రి అయ్యగారైతే చేతికర్ర ముందుగా ఊని, పంచె ఎత్తిపట్టి, ముగ్గు చుట్టూ తిరిగి వచ్చేవాడు. "నెమిలి మెడ కుదిరింది అమ్మాసీ" అనేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్క గీత చెరపలేదు.

ఎండ కుళాయి గట్టు మీదికెక్కింది. ఇక తప్పదని చీపురు తీసుకుంది. ఏడో తలుపు తెరిచి, కోడలు వరదలక్ష్మి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ పొద్దు వద్దు. ఊడవబాక."

అమ్మాసి మెట్టు పక్కన కూలబడింది. ముగ్గు డబ్బా దొర్లిపోయింది.

"ఏందే అట్ల కూర్చున్నావు? మామ బాగానే ఉండాడు. తెల్లారకముందే జట్కా ఎక్కి నెల్లూరు బండికి పోయినాడు, కూతురు దగ్గరికి. ఊరికి పోయినోళ్ల వెనకాలే వాకిలి ఊడుస్తారా?"

"ఆ మాట ముందు చెప్పను నోరు రాదా తల్లీ." అమ్మాసి కళ్లొత్తుకుంది. "మళ్లా వస్తాడా?"

"ఇంక ఆడనే ఉంటాడంట."

అమ్మాసి తలూపింది. ఎక్కడో ఒకచోట ఉన్నాడు, కూతురు వేన్నీళ్లు పెడుతుంది. చాలు. డబ్బా కోసం వంగింది.

నిన్న పెట్టిన నెమలి ముగ్గు ఇంకా అక్కడే ఉంది. పెట్టెలు మోసినవాళ్ల కాళ్ల కింద తోక చెదిరింది. మెడకు జానెడు ఎడంగా, దుమ్ములో, చేతికర్ర గుండ్రటి అచ్చులు చుట్టూ తిరిగి వీధి వైపు సాగి ఉన్నాయి.